జియోట్యాగ్ పోస్టులతో నగరంలో జనం రాకపోకలు తెలుస్తాయా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను. ఎం.ప్లాన్ (నగర ప్రణాళికలో పీజీ) రెండో ఏడాది థీసిస్. హైదరాబాద్ ఐటీ కారిడార్‌కి రోజూ ఏ ప్రాంతం నుంచి ఎంతమంది వస్తున్నారో లొకేషన్ ట్యాగ్ ఉన్న ట్వీట్లతో లెక్కకట్టాలని మీ ఆలోచన. సీనియర్ ఒకరు 2013 నుంచి 2018 దాకా పోగేసిన రెండు లక్షల ట్వీట్ల ఫైలు ఇచ్చారు. గైడ్ గారేమో "ట్విటర్లో ఉన్నవాళ్ళే ఊరి జనమా?" అని అడ్డుపడ్డారు. టాపిక్ మార్చాలా, దీన్నే పట్టుకోవాలా అని టెన్షన్ పడుతున్నారు.

టాపిక్ మార్చక్కర్లేదు, ప్రశ్న మార్చండి. "ఎంతమంది" అన్న మాట తీసేసి, "ఏ వైపు వాళ్ళు ఏ వైపుకి వెళ్తున్నారు, ఏ వైపుకి వెళ్ళడం లేదు" అని పెట్టుకోండి. మొదటిదానికి మీ ఫైలు దగ్గర జవాబు లేదు, ఎంత కడిగినా రాదు. రెండోదానికి ఉంది.

ఎందుకంటే ట్వీటు బస్సు టికెట్టు కాదు, పెళ్ళి ఆల్బమ్‌లో ఫొటో లాంటిది. ఆల్బమ్‌లో వంటవాళ్ళు కనబడరు, అంతమాత్రాన పెళ్ళికి రాలేదనా? రోజూ మియాపూర్ నుంచి మాదాపూర్ వెళ్ళే మనిషి ఆఫీసు గేటు దగ్గర నిలబడి ట్యాగ్ పెట్టడు. కొత్త రెస్టారెంట్ దగ్గర పెడతాడు, ఎయిర్‌పోర్టులో పెడతాడు, ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే కోపంతో పెడతాడు. అంటే మామూలు ప్రయాణం దాదాపు కనబడదు, మామూలు కానిదే కనబడుతుంది. పైగా మొత్తం ట్వీట్లలో లొకేషన్ ఉన్నవి నూటికి ఒకటో రెండో. తెల్లవారుజామున అడ్డా మీద పని కోసం నిలబడే కూలీలు మీ ఫైల్లో ఒక్కరూ ఉండరు. చార్మినార్ దగ్గర వేల చుక్కలుంటాయి, పొద్దున్నే అక్కడ రోడ్డు ఊడ్చే మనిషి చుక్క ఉండదు. కాబట్టి మీ గైడ్ గారు అడిగింది సరైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నతో కథ అయిపోదు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే ఊరుంది. అక్కడ నైన్త్ స్ట్రీట్ అనే ఒక రోడ్డును ఊరిని రెండుగా చీల్చే గీతలా చెప్పుకుంటారు. ఆ రోడ్డుకి పడమర వెస్ట్ ఎండ్, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, పేదరికం ఎక్కువ. తూర్పున ఈస్ట్ ఎండ్, కలిగినవాళ్ళు, ఎక్కువమంది తెల్లవాళ్ళు. వెస్ట్ ఎండ్ వాళ్ళు ఆ గీత దాటి రారు, తమ పేటల్లోనే ఉండిపోతారు అని ఊళ్ళో స్థిరపడిపోయిన మాట. టేలర్ షెల్టన్, ఆటె పోర్ట్‌హాయిస్, మాథ్యూ జూక్ అనే ముగ్గురు భూగోళశాస్త్రవేత్తలు 2015లో అచ్చయిన వ్యాసంలో దీన్ని జియోట్యాగ్ ట్వీట్లతో పరీక్షించారు. వాళ్ళు ట్వీట్లు ఎక్కడ కుప్పపడ్డాయో మ్యాప్ వేసి ఊరుకోలేదు. ముందు ఎవరు ఏ వైపు మనిషో తేల్చుకున్నారు, తర్వాత ఆ మనిషి ట్వీట్లన్నీ ఊరంతటా ఎక్కడెక్కడ పడ్డాయో చూశారు. తేలిందేమిటంటే, వెస్ట్ ఎండ్ వాళ్ళు ఊరంతా తిరుగుతున్నారు. ఈస్ట్ ఎండ్ వాళ్ళే తమ వైపున, డౌన్‌టౌన్‌లో తిరిగి వెనక్కి పోతున్నారు తప్ప గీత దాటి పడమరకి పెద్దగా పోవడం లేదు. చీలిక ఉన్న మాట నిజమే, కానీ దాన్ని దాటనిది జనం అనుకున్నవాళ్ళు కాదు.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది లెక్క కట్టిన తీరు. ఊరి మీద తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు పరుస్తారు. ఒక్కో గడిలో పడమటి వాళ్ళ మొత్తం ట్వీట్లలో ఎంత వాటా పడింది, తూర్పు వాళ్ళ మొత్తంలో ఎంత వాటా పడింది అని చూసి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తారు. మొదటిది నూటికి 2, రెండోది నూటికి 1 అయితే నిష్పత్తి 2. అంటే ఆ గడి పడమటి వాళ్ళ వైపు మొగ్గుతోంది. ట్విటర్లో కుర్రాళ్ళు ఎక్కువ, స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళే ఉంటారు అనే లోపం రెండు గుంపులకీ ఉంది కాబట్టి భాగహారంలో అది చాలావరకు కొట్టుకుపోతుంది. పూర్తిగా పోదు. వెస్ట్ ఎండ్‌లో ట్వీట్ చేసే కుర్రాడు అక్కడి ముసలాయనకి ప్రతినిధి కాడు కదా. కానీ "ఎంతమంది" లెక్కలో ఈ లోపం నేరుగా జవాబునే మింగేస్తుంది, పోలికలో అంచుల్ని కొరుకుతుంది. ఆ తేడా గైడ్ గారికి విడమరిచి చెప్పండి, వింటారు. ఇంకో జాగ్రత్త: మూడు ట్వీట్లున్న గడిలో నిష్పత్తి 3 వచ్చిందని ఎగిరి గంతెయ్యకండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) కట్టి, దాని కింది హద్దు కూడా 1 దాటితేనే రంగు వేయండి.

ఇలాంటి ప్రశ్ననే 2018లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ ఉన్న బృందం అమెరికాలోని 50 పెద్ద నగరాల గురించి అడిగింది. 65 కోట్ల ట్వీట్లు, దాదాపు 4 లక్షల మంది. పేద నల్లజాతి పేటల వాళ్ళు కూడా మిగతావాళ్ళంత దూరమే, అన్నే పేటలు తిరుగుతున్నారు, కానీ వెళ్ళే పేటలు వేరు, కలిగినవాళ్ళ పేటల్లో కాలు పెట్టడం తక్కువ అని తేల్చింది. చూడండి, ఇక్కడా ప్రశ్న "ఎవరు ఎటు" అన్నదే.

మన దగ్గర గీత ఏది? మూసీ కావచ్చు. నదికి దక్షిణాన పాతబస్తీలో ఇల్లున్నవాళ్ళు ఐటీ కారిడార్ వైపు ఎంత విస్తారంగా తిరుగుతున్నారు, కారిడార్‌లో ఉండేవాళ్ళు మూసీ దాటి చార్మినార్, చౌమహల్లా కాకుండా మామూలు గల్లీల్లోకి ఎప్పుడైనా వెళ్తున్నారా? జవాబు ఏమొస్తుందో నేను ఊహించను. కానీ ఇది మీ ఫైలు మోయగల బరువు.

గైడ్ గారి ముందు పెట్టడానికి ఇంకో వ్యాసం చెప్తాను. 2014లో లెనోర్మాండ్ బృందం మాడ్రిడ్, బార్సిలోనా నగరాలకి జనగణన, మొబైల్ ఫోన్ రికార్డులు, ట్విటర్ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చింది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల గళ్ళ స్థాయిలో జనం ఎక్కడ ఎంత ఒత్తుగా ఉన్నారు, ఎటు కదులుతున్నారు అన్నవి మూడింట్లోనూ బాగా దగ్గరగా వచ్చాయి. దీన్నిబట్టి మన దగ్గరా సరిపోతుందని చెప్పకూడదు, అది స్పెయిన్. మన జనగణనలో 2011లో పనికి ఎంత దూరం, ఏ వాహనం మీద వెళ్తారో అడిగారు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న పట్టిక మాత్రం ఇవ్వలేదు. హెచ్‌ఎండీఏ చేయించిన సమగ్ర రవాణా అధ్యయనం ఉంది. దాని జోన్ల స్థాయిలోనైనా మీ ఫలితాన్ని ఒకసారి పోల్చి చూపించండి. పోలిక బాగా రాకపోయినా చూపించండి, ఎక్కడ రాలేదో అదే ఒక అధ్యాయం అవుతుంది.

ఇక ఫైలు శుభ్రం చేయడం. థీసిస్ కాలంలో సగం దీనికే పోతుంది.

నేను మొదటిసారి హైదరాబాద్ ట్వీట్లు పట్టుకున్నప్పుడు గంటల వారీ గ్రాఫ్ వేశాను. హైటెక్ సిటీలో చుక్కలు ఒక్కసారిగా లేచేది తెల్లవారుజాము మూడున్నరకి. ఐటీ వాళ్ళు, నైట్ షిఫ్టులు, అమెరికా కాల్స్ అంటూ నేనో పేరా వివరణ కూడా రాసేశాను. పక్క సీటు అన్న చూసి, "మూడున్నరకి పాలవాడు కూడా లేవడు, టైమ్‌జోన్ చూశావా?" అన్నాడు. ట్విటర్ ఇచ్చే సమయం యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. మనది దానికి ఐదున్నర గంటలు ముందు. నా మూడున్నర నిజానికి పొద్దున్న తొమ్మిది. సిగ్గుతో సరిచేస్తూ ఐదు గంటలే కలిపాను, అరగంట మర్చిపోయి. గంటల డబ్బాలన్నీ పక్కకి జరిగాయి, అది ఇంకో వారం తర్వాత బయటపడింది.

రెండోది ఊరి పేరు. ప్రొఫైల్లో "హైదరాబాద్" అని రాసుకున్నవాళ్ళని ఏరితే పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ వాళ్ళు కూడా వచ్చేస్తారు. ప్రొఫైల్లో రాసుకున్న ఊరుని అసలు లొకేషన్‌గా లెక్కేయకండి, అమెరికా వెళ్ళి ఎనిమిదేళ్ళయినా ఆ పేరు మార్చనివాళ్ళు బోలెడుమంది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. కచ్చితమైన పాయింట్ వేరు, ప్రదేశం ట్యాగ్ వేరు. ఎవరైనా ఊరి పేరుతో ట్యాగ్ పెడితే మీకు వచ్చేది ఊరు మొత్తాన్ని చుట్టిన ఒక పెద్ద దీర్ఘచతురస్రం, లేదా ఊరికి మధ్య అని ఎవరో పెట్టిన ఒక్క పాయింట్. హైదరాబాద్‌కి తరచుగా కనిపించే 17.385, 78.4867 అనే జత కోఠి చుట్టుపక్కల పడుతుంది. దాన్ని తీయకుండా హీట్‌మ్యాప్ వేస్తే ఊరు ఊరంతా అర్ధరాత్రి రెండింటికి కోఠిలో గుమిగూడినట్టు ఎర్రగా కనబడుతుంది. అందుకే మొదట చేయాల్సిన పని: ఒకే జత కోఆర్డినేట్లు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించి, పైనున్న యాభై జతల్ని చేత్తో మ్యాప్ మీద పెట్టి చూడండి. ఇన్‌స్టాగ్రామ్, ఫోర్‌స్క్వేర్ (ఏ చోట ఉన్నామో నలుగురికీ చెప్పుకునే యాప్) నుంచి ట్విటర్‌కి వచ్చిపడిన పోస్టులు కూడా అక్కడే దొరుకుతాయి. వాటిలో పాయింట్ ఆ మనిషిది కాదు, ఆ హోటల్ది, ఆ మాల్‌ది.

మీ ఫైలు కాలంలోనే ఇంకో గొయ్యి ఉంది. 2015లో ట్విటర్ ఫోర్‌స్క్వేర్‌తో కలిశాక యాప్‌లో ప్రదేశం పేరు ట్యాగ్ చేయడం ముందుకొచ్చి, కచ్చితమైన పాయింట్ పెట్టడం వెనక్కిపోయింది. కాబట్టి 2014కీ 2016కీ మధ్య చుక్కలు తగ్గితే జనం తిరగడం తగ్గిందని కాదు, బటన్ చోటు మారిందని. సంవత్సరాల మధ్య పోలికలు పెట్టుకోవద్దు. మెట్రో వచ్చాక ఏం మారిందో చూద్దామని మీకు అనిపించే ఉంటుంది, ఆ ఆశ కూడా వదులుకోండి. నాగోల్ నుంచి మియాపూర్ లైను 2017 నవంబర్ చివర్లో తెరిచారు, అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ ముక్క తెరిచింది 2019 మార్చిలో. మీ ఫైలు అంతకుముందే ఆగిపోయింది. ఇంకొన్నాళ్ళు పోగేసి ఉన్నా లాభం లేదు, 2019 జూన్‌లో ట్విటర్ మామూలు ట్వీట్లకి కచ్చితమైన లొకేషన్ పెట్టే సౌకర్యాన్నే తీసేస్తున్నట్టు ప్రకటించింది.

బాట్లని, అంటే మనిషి లేకుండా ప్రోగ్రామ్ నడిపే ఖాతాలని, ఏరేయడం సులువే. వాతావరణం చెప్పేవి, ఉద్యోగ ప్రకటనలు వేసేవి గంట కొట్టినట్టు ఒకే వ్యవధిలో వస్తాయి. రెండు ట్వీట్ల మధ్య దూరాన్ని కాలంతో భాగించండి, విమానం కన్నా వేగం వస్తే ఆ ఖాతా తీసేయండి. ఎక్కువ మాట్లాడేవాళ్ళు ఫలితాన్ని లాక్కుపోకుండా ఒక మనిషి, ఒక రోజు, ఒక గడి అంటే ఒక్కసారే లెక్క. ఇవన్నీ అయ్యాక, ఒక్కొక్కరికీ కనీసం పదిహేను ఇరవై వేర్వేరు రోజుల చుక్కలు ఉండాలని షరతు పెడితే రెండు లక్షల్లో ఎంత మిగులుతుంది? నా అనుభవంలో మనుషుల్లో పదో వంతు మిగిలితే గొప్ప. భయపడకండి, ఆ సంఖ్య దాచకుండా రాయండి.

ఇల్లెక్కడో తేల్చడానికి అందరూ వాడే పద్ధతి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు మధ్య ఎక్కువ రోజులు ఏ గడిలో ఉన్నాడో అదే ఇల్లు అనుకోవడం. లూయీవిల్‌లో సరే, గచ్చిబౌలిలో ఇది బోర్లా పడుతుంది. నైట్ షిఫ్ట్ వాళ్ళకి ఆఫీసే ఇల్లయిపోతుంది. (నేను టైమ్‌జోన్ తప్పుతో రాసిన వివరణ ఇక్కడ పనికొచ్చింది.) అందుకని శని, ఆదివారాల చుక్కలతో విడిగా ఇంకోసారి ఇల్లు కట్టి, రెండూ ఒకే గడిలో పడినవాళ్ళనే ఉంచుకోండి.

పోస్టు పెట్టిన సమయం, అక్కడున్న సమయం ఒకటి కావు. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం తీసిన ఫొటో ఇంటికెళ్ళి భోంచేశాక, వైఫైలో, ట్యాంక్‌బండ్ ట్యాగ్‌తో రాత్రి పదకొండుకి పెడతారు. కాబట్టి గంటల స్థాయి తీర్మానాలు మానేసి, పగలు, రాత్రి, వారాంతం అని మోటుగా విభజించుకోవడం మేలు.

మీరు రేడియస్ ఆఫ్ గైరేషన్ వాడతానన్నారు. మనిషి చుక్కలన్నిటికీ ఒక కేంద్రం తీసుకుని, దానినుంచి సగటున ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. 2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ని తాకినప్పుడు జనం కదలిక ఎలా మారిందో ట్వీట్లతో చూసినవాళ్ళు దీన్నే వాడారు. మన దగ్గర దీనికి సంక్రాంతి గండం ఉంది. ఏడాదంతా కూకట్‌పల్లికీ మాదాపూర్‌కీ మధ్య తిరిగే కుర్రాడు పండక్కి అమలాపురం వెళ్ళి కోడిపందేల దగ్గర నాలుగు ట్వీట్లు పెడితే అతని రేడియస్ పది కిలోమీటర్ల లోపు నుంచి డెబ్బై దాటిపోతుంది. కొలతలో దూరాన్ని వర్గం చేస్తారు కాబట్టి ఆ నాలుగు చుక్కలు మిగతా వందని తొక్కేస్తాయి. నగరం హద్దు బయటి చుక్కల్ని ముందే తీసి, రెండు రకాలుగానూ లెక్క చూపించండి.

గళ్ళ సంగతి ఒక్క మాట. 2020 ఎన్నికల నాటి 150 జీహెచ్‌ఎంసీ డివిజన్లు తీసుకుంటే ఒకటి చిన్నది, ఇంకోటి మైళ్ళ కొద్దీ. గళ్ళ పరిమాణం మారిస్తే ఫలితం మారుతుంది, కిలోమీటరుతో ఒకసారి, రెండు కిలోమీటర్లతో ఒకసారి చేయండి. దూరం గురించి కూడా తొందరపడి మాట్లాడకండి. 2012లో నౌలాస్ బృందం 34 నగరాల ఫోర్‌స్క్వేర్ చెకిన్‌లు (ఫలానా చోట ఉన్నానని పెట్టే గుర్తులు) చూసి, ఊరినిబట్టి ప్రయాణ దూరాలు చాలా మారుతున్నా, వెళ్ళిన చోటుకన్నా దగ్గర్లో ఉన్నవి ఎన్ని వదిలేసి వెళ్ళాడో లెక్కిస్తే ఊళ్ళన్నీ ఒకే గీత మీదకి వస్తాయని చూపించింది. అమీర్‌పేటలో ఉన్నవాడికి టిఫిన్ సెంటర్ గల్లీ చివర్లోనే దొరుకుతుంది, తుక్కుగూడలో బండి తీయాలి. ఇద్దరి ఉద్దేశమూ దగ్గర్లో ఉన్నది తినడమే. కిలోమీటర్లు మాత్రం వేరు.

కొత్త డేటా గురించి: 2021లో పరిశోధకులకి ట్విటర్ ఉచితంగా ఇచ్చిన యాక్సెస్ 2023లో పోయింది, ఇప్పుడు డబ్బు కట్టాలి, విద్యార్థి తట్టుకునేంత కాదు. ఇన్‌స్టాగ్రామ్ 2016లోనే తలుపు మూసింది. స్క్రాప్ చేసి ఇస్తామనేవాళ్ళ జోలికి పోకండి. ముందు పద్ధతి చేతికి రావాలంటే గోవల్లా అనే పాత యాప్ చెకిన్‌ల ఫైలు స్టాన్‌ఫర్డ్ సైట్లో దొరుకుతుంది, 2009 ఫిబ్రవరి నుంచి 2010 అక్టోబర్ వరకు 64 లక్షల చెకిన్‌లు, పాతదైనా శుభ్రంగా ఉంటుంది. హైదరాబాదే కావాలంటే ఫొటోలు పెట్టుకునే ఫ్లికర్ సైటు ఉంది. దాంట్లో ప్రతి ఫొటోకీ లొకేషన్ ఎంత కచ్చితమో 1 నుంచి 16 దాకా అంకె ఉంటుంది, 11 అంటే ఊరి స్థాయి, 16 అంటే వీధి స్థాయి. పై అంకెలవే తీసుకోండి. ఎరిక్ ఫిషర్ 2010లో వేసిన మ్యాపులు ఒకసారి చూడండి. ఒకే ఊళ్ళో నెలా అంతకుమించి ఫొటోలు తీస్తూ ఉన్నవాళ్ళని స్థానికులుగా నీలం రంగులో, వేరే ఊరివాళ్ళై ఉండి నెలలోపే తీసి వెళ్ళినవాళ్ళని పర్యాటకులుగా ఎరుపులో వేశాడు. అంత చిన్న నియమంతో అంత మంచి మ్యాప్ నేను మళ్ళీ చూడలేదు.

చివరిగా, ఎథిక్స్ ఫారంలో ఒక లైను రాసి వదిలేసే విషయం కాదిది. ఒకసారి బాట్లని ఏరుతూ ఒక ఖాతా చుక్కలు విడిగా తెరిచాను. వారానికి మూడు రోజులు, అవే రోజులు, పొద్దున్నే, ఒకే ఆసుపత్రి. ఒక్క ట్వీటు కూడా చదవకుండానే డయాలసిస్ అని అర్థమైపోయింది. ఇల్లు ఏ గడిలో ఉందో కూడా నా స్క్రీన్ మీదే ఉంది. ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బయటికి వెళ్ళొచ్చాను. 2013లో ఒక అధ్యయనం 15 లక్షల మంది ఫోన్ రికార్డులు చూసి, చోటు, సమయం తెలిసిన నాలుగు పాయింట్లుంటే నూటికి 95 మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేల్చింది. పేరు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. 2023 నాటి మన డేటా చట్టం ఎవరైనా తామే బహిరంగంగా పెట్టిన సమాచారాన్ని తన పరిధి బయట ఉంచింది, కాబట్టి చట్టం మిమ్మల్ని ఆపకపోవచ్చు. అయినా మనుషుల చుక్కల మ్యాప్ థీసిస్‌లో పెట్టకండి, గళ్ళే పెట్టండి. ఐదుగురి కన్నా తక్కువమంది ఉన్న గడిని ఖాళీగా వదిలేయండి. ట్వీటు మాటల్ని ఉదాహరణగా యథాతథంగా అచ్చేయకండి, సెర్చ్‌లో కొడితే మనిషి దొరికిపోతాడు. ఇల్లు తేల్చాక అసలు చుక్కలున్న ఫైలు పెన్‌డ్రైవ్‌లలో తిప్పకండి. మీ సీనియర్ మీకు ఎలా ఇచ్చారో నేనడగను.

ముందు ఫైలు తెరిచి రెండు విషయాలు చూసి ఇక్కడే చెప్పండి. కోఆర్డినేట్ల కాలమ్, ప్లేస్ కాలమ్ విడివిడిగా ఉన్నాయా, లేక సీనియర్ రెండిటినీ కలిపేసి ఒక్క పాయింట్ చేశారా? కలిపేసి ఉంటే ముందు వాళ్ళ దగ్గర అసలు ఫైలు ఉందేమో అడగండి. రెండోది, గంటల గ్రాఫ్ వేసి పీక్ ఎన్నింటికి వచ్చిందో చూడండి. మూడున్నరకి వస్తే కంగారుపడకండి.